హెర్మాన్స్‌బుర్గ్: నాయుడుపేటకు పాస్టర్లను పంపిన జర్మన్ పల్లె

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ తాతగారి పాత కాగితాల్లో "హెర్మాన్స్‌బుర్గ్ మిషన్, నాయుడుపేట" అని కనిపించింది. మీరు ఇప్పుడు హాంబుర్గ్‌లో చదువుకుంటున్నారు. ఆ పేరుతో వెతికితే మూడు ఊళ్ళు తేలాయి: జర్మనీలో ఒకటి, దక్షిణాఫ్రికాలో ఒకటి, ఆస్ట్రేలియా ఎడారి నడుమ ఒకటి. వీటిలో అసలుది ఏది, అక్కడ చూడదగ్గవి ఏమిటి, ఒక రోజు సరిపోతుందా, తాతగారి గురించి ఏమైనా దొరుకుతుందా అని అడిగారు.

అసలుది జర్మనీలోనిదే. మిగతా రెండూ దాని నుంచి పుట్టినవి. నేను చాలా ఏళ్ళుగా ఆ జిల్లాలోనే ఉంటున్నాను. నెల్లూరు వైపు నుంచి వచ్చే మనవాళ్ళకు ఆ ఊరు చూపించడం నాకు ఒక అలవాటుగా మారింది. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా ఒక హెచ్చరిక. కొండ మీద కోట, వంకర వీధులు, కిటికీల్లో పూలకుండీలు ఉండే జర్మనీని ఊహించుకుని వెళ్ళకండి. అలాంటిది కావాలంటే పక్కనే ఉన్న ట్సెల్లె పట్టణంలో దిగండి. అక్కడ రాజప్రాసాదం ఉంది, వందల సంఖ్యలో పాత కలపచట్రపు ఇళ్ళు ఉన్నాయి. హెర్మాన్స్‌బుర్గ్ దానికి ఉత్తరంగా, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, పైన్ అడవుల మధ్య ఉన్న ఇటుక ఇళ్ళ ఊరు. ఎనిమిది వేలకు అటూ ఇటూ జనం. ఎర్ట్‌సె అనే చిన్న ఏరు ఊళ్ళోంచి పారుతుంది. 2015లో పొరుగున ఉన్న ఉంటర్‌ల్యూస్‌తో కలిపి జ్యూడ్‌హైడె అనే ఒకే పురపాలన కిందికి తెచ్చారు. కారులో పోతే రెండు నిమిషాల్లో దాటిపోయే ఊరు. దాని కథ తెలియకుండా చూస్తే ఏమీ కనబడదు, తెలిసి చూస్తే రోజంతా చూసేంత ఉంది.

ఆ కథ మొదలయ్యేది నేల నుంచి. హెర్మాన్స్‌బుర్గ్ ఉన్న ప్రాంతాన్ని లూనెబుర్గ్ హైడె అంటారు. మంచుయుగంలో హిమానీనదాలు కరిగిపోతూ వదిలిన ఇసుక, గులకరాళ్ళు, అక్కడక్కడ ఏనుగంత బండరాళ్ళు, ఇదీ ఇక్కడి భూమి. నీరు నిలవదు, సారం నిలవదు. ఒకప్పుడు అడవి ఉండేది. మనుషులు కొట్టారు, కాల్చారు, పశువులను మేపారు. అడవి పోయినచోట మోకాలెత్తు పొదలు, ఊదారంగు పూలు పూసే హైడె మొక్క, కమ్ముకున్నాయి. ఇప్పుడు యాత్రికులు ఫోటోలు తీసుకునే ఆ ఊదారంగు మైదానం ప్రకృతి ఇచ్చిన సొగసు కాదు, శతాబ్దాలపాటు పిండుకున్న నేల.

ఆ నేల మీద రైతు బతికిన తీరు మన మెట్టరైతుకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. హైడె పొదలను వేళ్ళతో, పైమట్టితో సహా పలకలుగా చెక్కేవారు. వాటిని పశువుల కొట్టంలో పరిచేవారు. పేడ, మూత్రం బాగా పట్టాక తీసి పొలానికి తోలేవారు. ఒక చిన్న మడిలో రై అనే గోధుమలాంటి ధాన్యం పండించడానికి అంతకు ఎన్నో రెట్లు బీడు భూమిని ఇలా చెక్కవలసి వచ్చేది. చెక్కిన చోట మళ్ళీ పొద పెరగడానికి ఏళ్ళు పట్టేది. రై, బక్‌వీట్ అనే ముతకగింజ, కాస్త బంగాళాదుంప, ఇవే పంటలు. వీటికి తోడు హైడ్‌ష్నుకె అనే జాతి గొర్రెలు. బూడిదరంగు ఉన్ని, నల్లని ముఖం, ఎండిన పొద తిని కూడా బతకగల మొండి జీవాలు. గడ్డి బుట్టల్లో తేనెటీగలను పెంచి, పూలకాలంలో బుట్టలను బళ్ళమీద మైదానానికి తోలుకుపోయేవారు. ఇళ్ళు కూడా ఆ బతుక్కు తగ్గట్టే ఉండేవి. పొడవైన ఒకే కప్పు కింద ఒక కొసన మనుషులు, మిగతా అంతటా పశువులు, పైన గడ్డివాము. కప్పు కొసన చెక్కతో చెక్కిన రెండు గుర్రం తలలు ఉంటాయి. చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ చాలా చోట్ల కనిపిస్తాయి, చూడండి.

ఇంత వివరం ఎందుకంటే, నాయుడుపేటకు పాస్టర్లను పంపిన డబ్బు ఈ నేల నుంచే వచ్చింది. లండన్ లాంటి చోట్ల మిషన్ సంఘాల వెనుక వర్తకులు, ప్రభువులు ఉండేవారు. ఇక్కడ ఉన్నది గొర్రెలు కాసుకునే రైతులు.

ఊరు పాతదే. 11వ శతాబ్దపు రాజపత్రంలోనే దాని పేరుంది. 973లో చనిపోయిన సాక్సనీ ప్రభువు హెర్మాన్ బిల్లుంగ్‌తో ఆ పేరును ముడిపెడతారు. లాండోల్ఫ్ అనే సన్యాసి ఎర్ట్‌సె లోయకు క్రైస్తవం తెచ్చాడని ఒక గాథ కూడా ఉంది. దాన్ని చరిత్రగా కన్నా గాథగానే తీసుకోండి. అయితే ఆ గాథకు తరువాతి కథలో ఒక పని ఉంది, అందుకే చెబుతున్నాను. ఆపైన 19వ శతాబ్దం దాకా ఊరి చరిత్రలో పెద్దగా చెప్పుకోవలసింది లేదు.

అప్పుడు వచ్చారు లుడ్విగ్ హార్మ్స్. 1808 మే 5న వాల్స్‌రోడెలో పుట్టారు. తండ్రి 1817లో హెర్మాన్స్‌బుర్గ్‌కు పాస్టరుగా రావడంతో ఇక్కడే పెరిగారు. గ్యోటింగెన్‌లో చదివారు. కొన్నేళ్ళు ఇళ్ళల్లో పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం చేశారు. 1844లో తండ్రికి సహాయకుడిగా తిరిగి వచ్చి, 1849లో తండ్రి పోయాక ఊరి పాస్టరు అయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే. కానీ ఆయన మాట వినడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం గంటల తరబడి నడిచి వచ్చేవారు. పుస్తకాల జర్మన్ పక్కనపెట్టి, రైతులు ఇంట్లో మాట్లాడుకునే ఉత్తరాది మాండలికంలో కథలు చెప్పడం ఆయన పద్ధతి. లాండోల్ఫ్ కథ అలాంటిదే. "ఒకప్పుడు మనమే అన్యులం, ఎవరో సముద్రం దాటి వచ్చి మనకు చెప్పారు, ఇప్పుడు ఆ బాకీ తీర్చే వంతు మనది" అన్నది ఆ కథ సారం. ఇది ఆయన వాక్యం కాదు, నా మాటల్లో చెబుతున్నాను.

1849లోనే ఆయన మిషన్ శిక్షణాలయం ప్రారంభించారు. మొదటి జట్టు పన్నెండు మంది, రైతుకుటుంబాల కుర్రాళ్ళు, చేతిపనివాళ్ళు. విశ్వవిద్యాలయం ముఖం చూసినవాళ్ళు కారు. అప్పటి మిషన్ సంఘాలు చదువుకున్న పట్టభద్రుల కోసం వెతుకుతుంటే హార్మ్స్ నాగలి పట్టినవాణ్ణి తీసుకుని, చదువు చెప్పి, పొలంలోనూ పని చేయించారు. ఆయన ఆలోచన మధ్యయుగపు మఠాల నుంచి తీసుకున్నది: పాస్టరు ఒక్కడే వెళ్ళకూడదు, కమ్మరి, వడ్రంగి, రైతు కలిసి ఒక చిన్న ఊరే తరలి వెళ్ళాలి, ఉమ్మడిగా సంపాదించుకుని బతకాలి. అది నిజంగా ఎంతవరకు నడిచిందన్నది వేరే విషయం. దక్షిణాఫ్రికాలో ఆ ఉమ్మడి జీవితం ఎక్కువ కాలం నిలవలేదు.

ఓడ కథ చెప్పకుండా ఈ ఊరి గురించి చెప్పలేం. సముద్రానికి దూరంగా, ఇసుకలో ఉన్న పల్లె తన సొంత ఓడ కట్టించుకుంది. పేరు కాందాసె. బైబిలులో అపొస్తలుల కార్యాల్లో కనిపించే ఇథియోపియా రాణి పేరు అది. హాంబుర్గ్ ఎదుటి ఒడ్డున ఉన్న హార్బుర్గ్‌లో కట్టారు, అంటే ఇప్పుడు మీరు లోకల్ రైలులో పోయి రాగలిగిన చోటే. 1853 శరత్కాలంలో ఎనిమిది మంది మిషనరీలు, వారితో పల్లెవాళ్ళు మరి కొందరు దాంట్లో బయలుదేరారు. గమ్యం తూర్పు ఆఫ్రికా, అక్కడ ఇథియోపియా వైపు ఉండే ఒరోమో ప్రజలు. మొంబాసా వైపు దిగనివ్వలేదు. వెనక్కు మళ్ళి దక్షిణాన నటాల్‌లో దిగి, 1854లో ఒక పొలం కొని దానికి తమ ఊరి పేరే పెట్టుకున్నారు. మీ మ్యాపులోని దక్షిణాఫ్రికా హెర్మాన్స్‌బుర్గ్ అదే. 1856లో మొదలైన జర్మన్ పాఠశాల అక్కడ ఇప్పటికీ ఉంది. ఇథియోపియాకు ఈ సంఘం చేరుకున్నది 1927లో, ఓడ బయలుదేరిన డెబ్బై నాలుగేళ్ళ తరువాత.

ఆస్ట్రేలియా ఊరిది మరో కథ. 1877లో కెంపే, ష్వార్ట్స్ అనే ఇద్దరు మిషనరీలు దక్షిణ ఆస్ట్రేలియా నుంచి పశువులను తోలుకుంటూ ఎడారి దాటి, నడి ఖండంలో ఫింక్ నది ఒడ్డున మకాం పెట్టారు. అరెర్న్‌టె ప్రజలు ఆ చోటును న్టారియా అంటారు. నీటిరంగులతో ఆ ఎడారి కొండలను చిత్రించి పేరుపొందిన ఆల్బర్ట్ నమట్జిరా 1902లో అక్కడే పుట్టారు. ఆ భూమిని 1982లో అరెర్న్‌టె వారికి తిరిగి అప్పగించారు.

ఇక మన వైపు. ఆగస్ట్ మ్యూలియుస్ అనే పాస్టరు అంతకుముందు లైప్‌సిగ్ మిషన్ అనే మరో జర్మన్ సంఘం తరఫున తమిళ దేశంలో పనిచేసి వెళ్ళినవారు. హార్మ్స్ ఆయన్ను మళ్ళీ ఇండియాకు పంపారు. 1865లో తెలుగు మిషన్ మొదలైంది. అదే ఏడు నవంబరు 14న హార్మ్స్ చనిపోయారు. అంటే తెలుగు మిషన్ ఆయన జీవితంలో ప్రారంభించిన చివరి పనుల్లో ఒకటి. మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే పెద్ద బాట మీద ఉన్న సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, పడమరగా శ్రీకాళహస్తి, వెంకటగిరి, రాపూరు, తిరుపతి, కోడూరు, ఇలా కేంద్రాలు పెరిగాయి. నాయుడుపేట వాటిలో తొలినాటిది, ముఖ్యమైనది. పైన్ అడవుల చలిలో పెరిగి, రై రొట్టె తిన్న కుర్రాడు సూళ్ళూరుపేట వేసవిలో తెలుగు వత్తులు నేర్చుకుంటూ ఎలా ఉండేవాడో ఊహించుకోండి. వచ్చినవాళ్ళలో చాలా మంది తక్కువ చదువు, ఎక్కువ పట్టుదల ఉన్నవాళ్ళే. వారి బడుల్లో, సంఘాల్లో చేరినవారు ఎక్కువగా దళిత కుటుంబాలు. వెట్టి చేసే ఇంటి పిల్లవాడు పలక పట్టడం ఆ ఊళ్ళలో అప్పట్లో చిన్న విషయం కాదు.

1914లో యుద్ధం వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో జర్మన్లు రాత్రికి రాత్రి శత్రుదేశస్థులయ్యారు. మిషనరీలలో కొందరిని అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. ఇంకా చాలా మందిని ఓడలెక్కించి స్వదేశానికి పంపేశారు. అలా జర్మన్ మిషనరీలను తీసుకుపోయిన ఓడ పేరు గోల్కొండ కావడం కాకతాళీయమే. హెర్మాన్స్‌బుర్గ్ వాళ్ళ తెలుగు కేంద్రాలు అమెరికాలోని ఒహాయో లూథరన్ సినడ్ అనే చర్చిల సమాఖ్య చేతికి వెళ్ళాయి. లూథరన్లంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్లు, హెర్మాన్స్‌బుర్గ్ వాళ్ళూ వారే. వాటి నుంచి ఎదిగినదే 1945లో ఏర్పడిన దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం. మీ కుటుంబం ఏ సంఘానికి చెందిందో కాగితాల్లో ఉంటే ఈ పేరుతో పోల్చి చూడండి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి, చాలా మంది కలిపేస్తారు. జర్మనీ నుంచి తెలుగు ప్రాంతాలకు వచ్చిన లూథరన్లు అందరూ హెర్మాన్స్‌బుర్గ్ వాళ్ళు కారు. సాలూరు, పార్వతీపురం, కోరాపుట్, జయపురం వైపు వచ్చినవారు బ్రెక్లుమ్ అనే మరో పల్లె నుంచి వచ్చారు. అది డెన్మార్క్ సరిహద్దు దగ్గర, ఉత్తర సముద్రపు ఒడ్డుకు చేరువలో ఉంటుంది. అక్కడ క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టరు 1876లో మిషన్ స్థాపించారు. రాజమండ్రికి 1845లో వచ్చినది ఉత్తర జర్మన్ మిషన్ సంఘం, తరువాత అదీ అమెరికన్ల చేతికి పోయింది. గుంటూరు మొదటి నుంచీ అమెరికన్ లూథరన్లదే. నాయుడుపేట అని స్పష్టంగా ఉంది కాబట్టి మీ విషయంలో సందేహం లేదు.

ఊళ్ళోకి వస్తే, నేను అందరికీ మొదట చూపించేవి మూడు చర్చిలు. మూడూ లూథరన్ చర్చిలే, నడిచి చుట్టి రాగలిగినంత దగ్గరలో ఉన్నాయి. ఇంత చిన్న ఊరికి ఒకే మతశాఖవి మూడు ఎందుకు? జవాబులో ఊరి 19వ శతాబ్దపు చరిత్ర సగం ఉంది.

మొదటిది పేతురు-పౌలు చర్చి. ఊరి పాత చర్చి స్థానం అదే. హార్మ్స్ బోధించిన స్థలమూ అదే. కానీ ఇప్పుడు నిలబడి ఉన్న భవనం 1950ల చివర్లో తిరిగి కట్టినది, కాబట్టి లోపల ఆ కాలపు సాదాసీదాతనమే కనిపిస్తుంది. మనవాళ్ళు కొందరు నిరాశపడతారు. నాకు మాత్రం ఆ వెలుతురు ఇష్టం.

రెండోది పెద్ద శిలువ చర్చి, 1878. దాని వెనుక ఉన్నది ఒక పెళ్ళి మంత్రం గొడవ. హార్మ్స్ తరువాత ఆయన తమ్ముడు తియోడోర్ పాస్టరూ, మిషన్ పెద్దా అయ్యారు. అప్పటిదాకా ఈ ప్రాంతం హానోవర్ రాజ్యంలో ఉండేది, 1866లో పెద్ద జర్మన్ రాజ్యమైన ప్రష్యా దాన్ని కలిపేసుకుంది. ఈ పల్లెల జనానికి అది మింగుడుపడలేదు. ఆ తరువాత 1870లలో ప్రభుత్వం పౌరవివాహం తెచ్చింది. పెళ్ళి రిజిస్ట్రారు దగ్గరే జరుగుతుంది, చర్చిలో జరిగేది దీవెన మాత్రమే అన్నారు. దానికి తగ్గట్టు హానోవర్ చర్చి పెళ్ళి ఆరాధనక్రమంలోని మాటలు మార్చింది. దంపతులను దేవుని పేరిట కలుపుతున్నాను అనే పాత మాటలను వదులుకోనని తియోడోర్ మొండికేశారు. 1878లో ఆయన్ను పదవి నుంచి తొలగించారు. ఊళ్ళో చాలా మంది ఆయన వెంట నడిచి, రాష్ట్ర చర్చి నుంచి, అంటే ఆ హానోవర్ చర్చి నుంచి, విడిపోయి, స్వతంత్ర సంఘం పెట్టుకుని, ఆ ఏడే కలపచట్రంతో ఇంత పెద్ద చర్చి లేపారు. లోపలికి వెళ్ళి తల ఎత్తి చూడండి. అంత వెడల్పు కప్పును మోస్తున్న ఆ దూలాల పనితనం చూడవలసినది. నా లెక్కలో ఊరిలో అన్నిటికన్నా మంచి కట్టడం ఇదే.

1885లో తియోడోర్ పోయాక, మిషన్‌కూ రాష్ట్ర చర్చికీ మధ్య సంబంధం ఎలా ఉండాలన్న దానిపై విడిపోయినవాళ్ళు తమలో తామే మళ్ళీ విడిపోయారు. మూడో చర్చి, చిన్న శిలువ చర్చి, అలా వచ్చింది. ఇంకో వర్గం 1892లో పక్కనున్న బ్లెక్‌మార్ పల్లెలో వేరే మిషనే పెట్టుకుంది. సంఘాలు చీలడం మన ఊళ్ళకే ప్రత్యేకం అనుకునేవాళ్ళను నేను ఇక్కడికే తీసుకొస్తాను.

లుడ్విగ్ హార్మ్స్ పేరుతో ఉన్న భవనంలో మిషన్ చరిత్రకు సంబంధించిన ప్రదర్శన ఉంది. వేళలు మారుతుంటాయి, వెళ్ళే ముందు చూసుకోండి. శిక్షణాలయం మూతపడ్డాక 2012లో దాని స్థానంలో వివిధ సంస్కృతుల మధ్య వేదాంత అధ్యయనం కోసం ఒక కళాశాల వచ్చింది. ఆఫ్రికా, ఆసియా విద్యార్థులు ఈ ఊరి వీధుల్లో కనిపించడానికి కారణం అదే. మిషన్ సంస్థ కూడా 1977లో మూడు ప్రాంతీయ చర్చిలకు ఉమ్మడి సంస్థగా మారింది.

ఈ వారసత్వంలో గర్వపడవలసినవి మాత్రమే ఉన్నాయని నేను చెప్పను. దక్షిణాఫ్రికాలో మిషన్ విస్తారమైన భూములకు యజమాని అయింది. వలసవెళ్ళిన జర్మన్ల వారసులు ఒక చర్చిగా, నల్లవారు మరో చర్చిగా వేర్పడి ఉండడం అక్కడ చాలా కాలం సహజమైన విషయంగా సాగింది. ఈ విషయాలపై ఈ ఊరి వాళ్ళే ఇప్పుడు పుస్తకాలు రాస్తున్నారు, వాదించుకుంటున్నారు. అడిగితే దాచరు.

20వ శతాబ్దం ఈ ప్రాంతానికి ఇంకో ముఖం ఇచ్చింది. అది చూడకుండా వెళ్ళవద్దనే అంటాను. 1935 నుంచి హిట్లరు సైన్యం బెర్గెన్ దగ్గర పెద్ద యుద్ధ శిక్షణ మైదానం కోసం పల్లెలకు పల్లెలే ఖాళీ చేయించింది. మైదానం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఊళ్ళో గాలి అటు నుంచి వీస్తే ఫిరంగుల మోత వినబడుతుంది, కంగారుపడకండి. దాని అంచునే బెర్గెన్-బెల్‌సెన్ నిర్బంధ శిబిరం. హెర్మాన్స్‌బుర్గ్ నుంచి కారులో అరగంట కూడా పట్టదు. మొదట యుద్ధఖైదీల శిబిరం. దాదాపు 20,000 మంది సోవియట్ సైనికులు అక్కడ చనిపోయారు. తరువాత నిర్బంధ శిబిరంగా మారాక 50,000 మందికి పైగా చనిపోయారు, వారిలో ఆన్ ఫ్రాంక్, ఆమె అక్క మార్గో ఉన్నారు. 1945 ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం శిబిరాన్ని విడిపించింది. టైఫస్ వ్యాపించడంతో గుడిసెలన్నీ తగలబెట్టారు, కాబట్టి ఇప్పుడు కనిపించేది సామూహిక సమాధుల దిబ్బలు, పొదలు, చెట్లు. పక్కన ప్రదర్శనశాల ఉంది. ప్రవేశం ఉచితం. ఉంటర్‌ల్యూస్‌లోనూ దీనికి ఒక ఉపశిబిరం ఉండేది. 1944 ఆగస్టు నుంచి వందలాది యూదు స్త్రీల చేత అక్కడ వెట్టిచాకిరీ చేయించారు. ఆ ఉంటర్‌ల్యూస్‌లోనే 1899 నుంచి రైన్‌మెటల్ ఆయుధాల పరీక్షాస్థలం నడుస్తోంది. మిషనరీల పల్లె, ఫిరంగుల ఫ్యాక్టరీ పల్లె ఇప్పుడు ఒకే పురపాలన కింద ఉన్నాయి. దీని మీద స్థానికులు వేసే జోకులు చాలా ఉన్నాయి, ఇక్కడ రాయను.

యుద్ధం ముగిశాక తూర్పు ప్రాంతాల నుంచి తరిమివేతకు గురైన జర్మన్లు ఈ పల్లెలన్నిటిలోకి వచ్చిపడ్డారు. శతాబ్దాలుగా లూథరన్లే ఉన్న ఊళ్ళో కాథలిక్ చర్చి కూడా వెలిసింది ఆ తరువాతే.

పూలు చూడాలని ఉంటే ఆగస్టులో రండి. ఆగస్టు 8 నుంచి సెప్టెంబరు 9 వరకు పూస్తాయని ఇక్కడివారి లెక్క. వానల్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. దానికి పెద్ద పేరున్న ఉత్తరపు హైడెకు, బస్సుల గుంపుల్లోకి పోనవసరం లేదు. ఊరి పక్కనే మిస్సెల్‌హార్న్ హైడె, దానికి ఆనుకుని టీఫెన్‌టాల్ లోయ ఉన్నాయి. అద్దె సైకిలు దొరికితే ఇంకా హాయి. మిగిలిన చోట్లన్నీ ఇప్పుడు పైన్ తోటలే. 19వ శతాబ్దం రెండో సగంలో రసాయన ఎరువులు వచ్చాయి, ఆస్ట్రేలియా ఉన్ని చవకగా దిగింది, గొర్రెలు గిట్టుబాటు కాలేదు. బీడులో వరసగా పైన్ నాటారు. ఒకే జాతి చెట్ల వల్ల వచ్చే ముప్పు 1975 ఆగస్టులో తెలిసివచ్చింది. ఈ దక్షిణ హైడె అంతటా కార్చిచ్చు రేగి, మంటలార్పేవాళ్ళు ఐదుగురు ఒకేచోట చిక్కుకుని చనిపోయారు. అప్పటి నుంచి ఆకురాల్చే చెట్లు కలిపి నాటుతున్నారు. పూల బీడును నిలబెట్టడానికి మాత్రం ఈనాటికీ ఆ గొర్రెలనే మేపుతున్నారు. మేపడం ఆపితే కొన్నేళ్ళలో బర్చ్, పైన్ మొలిచి అడవైపోతుంది.

సమయం మిగిలితే ఎర్ట్‌సె వెంట ఎగువకు పోయి మ్యూడెన్ చూడండి. మీరు ఊహించుకున్న పోస్టుకార్డు పల్లె అదే. అటువైపు హౌసెల్‌బెర్గ్ అనే 119 మీటర్ల గుట్ట ఉంది. గణితవేత్త గౌస్ హానోవర్ రాజ్యాన్ని కొలిచేటప్పుడు దాన్ని ఒక కొలతబిందువుగా వాడుకున్నారు. దాని పాదంలో 1830లలో బావి తవ్వుతుంటే తెల్లని మెత్తని మట్టి బయటపడింది, కీసెల్‌గూర్. తరువాత నోబెల్ నైట్రోగ్లిజరిన్‌ను పీల్పించి డైనమైటు చేసింది ఈ రకం మట్టితోనే. చాలా కాలం ప్రపంచానికి ఇది ఎక్కువగా ఈ హైడె నుంచే వెళ్ళేది.

ప్రయాణం గురించి. హాంబుర్గ్ నుంచి ట్సెల్లెకు రైలు, అక్కడి నుంచి బస్సు. వారం మధ్యలో రండి. ఆదివారాల్లో బస్సులు బాగా తక్కువ, కొట్లు మూసి ఉంటాయి. ఆరాధనలో కూర్చోవాలని ఉంటే మాత్రం ఆదివారమే రావాలి. అప్పుడు శనివారం రాత్రికే చేరుకోండి. ఊరొక్కటే అయితే ఒక రోజు సరిపోతుంది. బెల్‌సెన్‌ను అదే రోజులో ఇరికించకండి, దానికి సగం రోజు విడిగా పెట్టుకోండి.

చివరగా తాతగారి విషయం. మిషన్ దస్తావేజులు చూడాలంటే చెప్పకుండా వెళ్ళి తలుపు తడితే పని కాదు. ముందే ఈమెయిల్ రాయండి. కేంద్రం పేరు, సుమారు సంవత్సరాలు, తాతగారి పేరు, ఆయన తండ్రి పేరు, ఉపాధ్యాయుడా, సువార్తికుడా, విద్యార్థా అన్నది రాయండి. ఊరి పేర్లను వాళ్ళు రకరకాల స్పెల్లింగులతో రాసుకున్నారు, కాబట్టి రెండు మూడు రూపాలు ఇవ్వండి. అక్కడ ఉండే అవకాశం ఉన్నవి మిషనరీలు పంపిన ఉత్తరాలు, వార్షిక నివేదికలు. 1854 నుంచి వెలువడిన మిషన్ పత్రికలో తెలుగు కేంద్రాల వార్తలు అచ్చయ్యేవి. పత్రిక పాత జర్మన్ అచ్చులిపిలో ఉంటుంది, కాస్త అలవాటైతే చదవగలరు. చేతిరాత ఉత్తరాలు కుర్రెంట్ లిపిలో ఉంటాయి. దాన్ని నేటి జర్మన్ విద్యార్థులు కూడా చదవలేరు, మీ విశ్వవిద్యాలయంలో చరిత్ర విభాగంలో తెలిసినవారు ఉంటారు, అడగండి.

ఇంకో సంగతి. బాప్తిస్మం, వివాహం రిజిస్టర్ల కోసం జర్మనీలో వెతకకండి, వాటిని ముందుగా అడగవలసింది నాయుడుపేట సంఘంలోనే. తాతగారి కాగితం మీద తేదీ చూడండి. 1914కు ముందుదైతే హెర్మాన్స్‌బుర్గ్‌కు రాయండి. ఆ తరువాతదైతే, మన ఊళ్ళలో పాత పేరుతోనే పిలుస్తూ వచ్చి ఉండవచ్చు గానీ, నివేదికలు పోయింది అమెరికాకు. అప్పుడు అక్కడి లూథరన్ చర్చి దస్తావేజుల విభాగానికి, ఒహాయో సినడ్ ఇండియా మిషన్ అని పేర్కొని రాయాలి. తేదీ లేకపోతే ఏ భాషలో ఉందో, ఎవరి సంతకం ఉందో ఇక్కడ రాయండి, ఏ కాలానిదో చెప్పడానికి ప్రయత్నిస్తాను.